‘నిచిజో’ ఫుల్ బాక్స్ సెట్ కొనబోతున్నారా? డబ్బు పంపే ముందు ఒక్కసారి ఇది చదవండి

జపాన్ కార్టూన్ సిరీస్ ‘నిచిజో’ కంప్లీట్ బ్లూరే సెట్ (డీవీడీ కంటే బొమ్మ స్పష్టంగా వచ్చే డిస్కులు) అని చెప్పి నాకు దొంగ డిస్కులు అంటగట్టారు. 5,800 రూపాయలు పోయాయి. అదే మనిషి అదే ఫోటో పెట్టి ఇప్పటికీ అమ్ముతున్నాడు, నిన్న రాత్రి కూడా చూశాను. మన తెలుగువాళ్లలో ఈ సిరీస్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఇంకొకరు మోసపోకూడదని రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. నిచిజో అంటే జపనీస్‌లో రోజువారీ బతుకు అని అర్థం. కెయిచి అరావి గీసిన మాంగాని, అంటే జపనీస్ బొమ్మల కథని, క్యోటో యానిమేషన్ అనే స్టూడియో 26 ఎపిసోడ్ల యానిమే (జపనీస్ కార్టూన్) సిరీస్‌గా తీసింది, 2011 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా జపాన్ టీవీలో వచ్చింది. అందులో నానో అని ఒక రోబో అమ్మాయి ఉంటుంది. ఆ పిల్లని తయారుచేసింది ఎనిమిదేళ్ల ప్రొఫెసర్ పాప. నానో వీపు మీద, కీ తిప్పితే ఆడే బొమ్మలకి ఉండేలాంటి పెద్ద కీ ఒకటి. అది తీసెయ్యమని నానో ఎంత బతిమాలినా, బాగుంది కదా అని ఆ పాప ఒప్పుకోదు. నానోకి ఉన్న కోరిక ఒక్కటే, అందరిలాగా స్కూలుకెళ్లి చదువుకోవాలని. అది తీరేది సిరీస్ సగం గడిచాక, 14వ ఎపిసోడ్‌లో. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

మా చెల్లికి నానో అంటే పిచ్చి. ఇంటర్ పరీక్షలు అయ్యాక బాక్స్ సెట్ కొనిస్తానని మాటిచ్చాను. సోషల్ మీడియాలో యానిమే వస్తువులు అమ్మే ఒక పేజీలో ఇది కనిపించింది. ‘2017 అమెరికా ఎడిషన్, ఒరిజినల్, ఇంగ్లీష్ డబ్బింగ్ కూడా ఉంది, ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది’ అని రాశాడు. క్యాష్ ఆన్ డెలివరీ లేదన్నాడు. క్యూఆర్ కోడ్ పంపాడు, నేను స్కాన్ చేసి కట్టేశాను.

ఆ ఒక్క వాక్యంలోనే మోసం బయటపడుతోంది, నేనే గమనించలేదు. అమెరికాలో ఫ్యునిమేషన్ అనే కంపెనీ ఈ సిరీస్ డిస్కులు విడుదల చేసింది 2017 ఫిబ్రవరిలో. కానీ వాటిలో సబ్‌టైటిల్స్ మాత్రమే ఉన్నాయి, ఇంగ్లీష్ గొంతులు లేవు. డబ్బింగ్‌తో కలిపి మళ్లీ వేసింది 2019లో. 2017 ఎడిషన్‌లో డబ్బింగ్ ఉందని ఎవరైనా చెబితే వాళ్లకి సరుకు గురించి తెలియకపోవాలి, లేదా అబద్ధమైనా చెబుతూ ఉండాలి.

పదకొండు రోజులకి పార్సిల్ వచ్చింది. చెల్లి కత్తెరతో జాగ్రత్తగా కోసింది, కవర్ పాడవకూడదని. పెట్టె నీలం రంగులో బ్లూరే పెట్టెలాగే ఉంది. లోపల మాత్రం రెండే డిస్కులు. ట్యూబ్‌లైట్ కింద తిప్పి చూస్తే అడుగు వైపు వంకాయ రంగు మెరుపు. ఇంట్లో రాసుకునే డీవీడీలకి ఉండే రంగు అది, ఫ్యాక్టరీలో అచ్చు వేసిన డీవీడీలు వెండిలా ఉంటాయి. నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది మామూలు డీవీడీ డ్రైవ్. అది బ్లూరేని చదవనే చదవలేదు. ఈ డిస్క్ పెట్టగానే చక్కగా ఓపెన్ అయింది. ఇంకేం రుజువు కావాలి? సైజు చూస్తే ఒక్కోటి 4.3 జీబీ చిల్లర. అంత చోటులో 13 ఎపిసోడ్లు, అంటే అయిదు గంటలకు పైగా వీడియో కుక్కారు. బ్లూరే డిస్క్‌లో తక్కువలో తక్కువ 25 జీబీ పడుతుంది. బొమ్మ అంతా గళ్లుగళ్లుగా విరిగిపోతోంది.

సబ్‌టైటిల్స్ ఇంకా దారుణం. నానో తన కీ గురించి బాధపడే చోటల్లా కింద ‘నత్త’ అని పడుతోంది. చైనీస్‌లో ఇలా తిప్పే మరకి, అంటే స్క్రూకి, వాడే మాటలో నత్తగుల్ల అనే అక్షరం ఉంటుంది. చైనీస్ సబ్‌టైటిల్స్‌ని మెషీన్‌లో వేసి ఇంగ్లీష్ చేసినట్టున్నారు. ఆ పిల్ల ఏడుస్తుంటే కింద నత్త అని వస్తే, చూస్తున్నవాళ్లకి ఏం అర్థమవుతుంది?

రెండో డిస్క్ పెట్టాం. మెనూలో 14 నుంచి 26 దాకా అంకెలు వరసగా ఉన్నాయి. 14 నొక్కితే మొదటి ఎపిసోడ్ వచ్చింది. 15 నొక్కితే రెండోది. మొదటి డిస్క్‌నే కాపీ చేసి మెనూ మార్చారు. నానో స్కూల్లో అడుగుపెట్టే ఎపిసోడే మాకు రాలేదు. చెల్లి కాసేపు ఏమీ మాట్లాడలేదు, ‘పర్లేదులే అన్నయ్యా’ అని లేచి వెళ్లిపోయింది.

డబ్బు కంటే నన్ను ఎక్కువ కలచివేసింది పెట్టె వెనకవైపు. పనిచేసినవాళ్ల పేర్లు ఉండాల్సిన చోట ఇంకు అలికినట్టు ఒక మరక. ఈ సిరీస్‌కి పాత్రల రూపం దిద్దింది ఫుతోషి నిషియా. 2019 జూలై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకి ఒకడు నిప్పుపెట్టినప్పుడు చనిపోయిన 36 మందిలో ఆయన ఉన్నారు. నానో ముఖంలో మనకి నచ్చే ఆ అమాయకత్వం ఆయన గీతల్లోంచి వచ్చింది. ఆ పేరే చదవడానికి వీల్లేకుండా చేసి అమ్ముకుంటున్నారు.

అమ్మినవాడికి వీడియో తీసి పంపాను. ముందు ‘మీ ప్లేయర్ ప్రాబ్లం’ అన్నాడు. తర్వాత పేజీలో మంచి రివ్యూ రాస్తే 500 వెనక్కిస్తానన్నాడు. కుదరదన్నాను, బ్లాక్ చేశాడు. 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇచ్చాను, నంబర్ వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు. నేను నాలుగు రోజులు ఆలస్యం చేశాను. మీకు ఇలా జరిగితే ఆ పూటే ఫోన్ చెయ్యండి, డబ్బు వాడి ఖాతా దాటిపోకముందే ఆపే అవకాశం ఉంటుంది. పెద్ద షాపింగ్ సైట్‌లో కొని ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

కొనే ముందు అమ్మేవాడిని డిస్క్ అడుగు ఫోటో అడగండి, ఆ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి తీయమనండి. నిజంగా సరుకు ఉన్నవాడికి అది రెండు నిమిషాల పని. ఎన్ని డిస్కులో అడగండి. జపాన్‌లో మొదట వచ్చినవి ఒక్కోదాంట్లో రెండేసి ఎపిసోడ్లతో 13 భాగాలు, కాబట్టి ‘జపాన్ ఫస్ట్ ఎడిషన్, రెండు డిస్కులు’ అంటే నమ్మొద్దు. ఇంకో సంగతి, అసలు సరుకే దొరికినా రీజియన్, అంటే డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే కోడ్, చూసుకోండి. మన దేశానిది బ్లూరేలో సీ, డీవీడీలో 5. జపాన్, అమెరికా బ్లూరేలో ఏ కిందికి వస్తాయి, డీవీడీలో జపాన్ 2, అమెరికా 1. రీజియన్ తాళం ఉన్న డిస్క్ ఇక్కడ కొన్న ప్లేయర్‌లో ఆడకపోవచ్చు.

నేను చెబుతున్న ఫోటోలో చెక్క బల్ల మీద పెట్టె, పక్కన సగం కనిపించే నీలం కప్పు ఉంటాయి. అది కనిపిస్తే డబ్బు పంపకండి. మీలో ఎవరి దగ్గరైనా అసలు సెట్ ఉండి అమ్మాలనుకుంటే చెప్పండి, చెల్లికి ఆ 14వ ఎపిసోడ్ ఇంకా బాకీ ఉన్నాను.