‘ట్యాంకు సీల్ చేయించాం’ అని చెప్పి అమ్మే పాత పికప్‌లతో జాగ్రత్త

పాత పికప్ ట్రక్కులు కొనాలని చూస్తున్న మన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల ఉండే నా స్నేహితుల్లోనే ఈ మధ్య ఇద్దరు ముగ్గురు ఇలాంటి బండ్ల కోసం తిరుగుతున్నారు. నాకు జరిగింది వాళ్లకి జరగకూడదు.

ముందు అసలు విషయం. అమ్మకం ప్రకటనలో ‘గ్యాస్ ట్యాంకు క్లీన్ చేయించి, లోపల సీలర్ కొట్టించాం’ అని ఉంటే అది బండికి అదనపు గుణం అనుకోకండి. గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలు, సీలర్ అంటే ట్యాంకు లోపలి గోడలకి పట్టించే పూత. ఆ ట్యాంకు తుప్పు పట్టిందని అమ్మేవాడే చెబుతున్నట్టు లెక్క. కొత్త ట్యాంకు ఖర్చు ధరలోంచి తీసేశాకే బేరం మొదలుపెట్టండి.

నేను కొన్నది 1970 షెవర్లే సి-10. అమ్మిన ఆయన డీలర్ కాదు, మామూలు మనిషే. బండి చాలా ఏళ్లు షెడ్డులో పడి ఉందని, ట్యాంకు షాపుకిచ్చి లోపలంతా కోటింగ్ వేయించానని, ఇక దాని జోలికి వెళ్లే పనే ఉండదని చెప్పాడు. షాపు బిల్లు అడిగితే తర్వాత పంపిస్తానన్నాడు. ఇప్పటిదాకా పంపలేదు. ఆయన ఇంటి చుట్టుపక్కల వీధుల్లో నాలుగు చుట్లు తిప్పితే ఇంజిన్ చక్కగా పలికింది.

హైవే ఎక్కాక అసలు రంగు బయటపడింది. స్పీడు అందుకోగానే బండి లాగడం తగ్గింది, దగ్గింది, ఆగిపోయింది. పక్కకి తీసి కాసేపు ఊరుకుంటే ఏమీ జరగనట్టే స్టార్ట్ అయింది. కొంత దూరం పోయి మళ్లీ అదే కథ. ఈ లక్షణం గుర్తుపెట్టుకోండి. ట్యాంకు అడుగున గ్యాస్ పీల్చే గొట్టానికి చిన్న జాలీ ఉంటుంది. ఇంజిన్ పీలుస్తున్నంతసేపూ చెత్త వచ్చి ఆ జాలీకి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆగితే పీల్చడం ఆగుతుంది, చెత్త రాలిపోతుంది, దారి మళ్లీ తెరుచుకుంటుంది. స్పార్క్‌కి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కినా బండి ఇలాగే చేస్తుంది కాబట్టి చాలామంది ముందు కాయిల్ మార్చి డబ్బు పోగొట్టుకుంటారు. ఆగిన క్షణంలోనే స్పార్క్ చూడండి. స్పార్క్ బాగుంటే ట్యాంకు వైపు వెళ్లండి.

ఈ తరం షెవర్లే పికప్‌లలో, అంటే 1972 మోడల్ దాకా, ట్యాంకు క్యాబ్ లోపలే, సీటు వెనకాల నిలబడి ఉంటుంది. దాదాపు 20 గ్యాలన్లు పడుతుంది. 1973 నుంచి దాన్ని క్యాబ్ బయటికి, ఛాసిస్ పక్కకి మార్చారు. సీటు తీసి, గ్యాస్ మొత్తం తోడేసి, సెండింగ్ యూనిట్ (గ్యాస్ ఎంత ఉందో గేజ్‌కి చెప్పే భాగం, పీల్చే గొట్టం కూడా దానికే ఉంటుంది) రింగు విప్పి పైకి లాగితే దాని జాలీ నిండా గోధుమరంగు పొరలు చుట్టుకుని ఉన్నాయి. చేత్తో పట్టుకుంటే ఉల్లిపొరలా ఊడి వస్తోంది ఆ కోటింగ్. ప్రతి పొర వెనకాల తడి తుప్పు అంటుకునే ఉంది. తుప్పు తీయనేలేదు, దాని మీదే సీలర్ పోసి ట్యాంకు అటూ ఇటూ తిప్పి వదిలేశారు.

ఇది ఎందుకు నిలవదో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అమ్మేవాళ్లు చాలా నమ్మకంగా మాట్లాడతారు. అప్పటి ట్యాంకులు ఇనప రేకుకి సీసం, తగరం కలిపిన పూత వేసి చేసేవాళ్లు. బండి ఏళ్ల తరబడి నిలబడిపోతే గాలిలోని తేమ లోపల నీరై అడుగున చేరుతుంది. ఇప్పుడు అమెరికాలో బంకుల్లో దొరికే గ్యాస్‌లో ఎక్కువ భాగం 10 శాతం ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిసిందే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి గ్యాస్ నుంచి విడిపోయి కిందికి దిగుతాయి. పూత పోయిన చోట రేకుని తినేది అదే. సీలర్ పట్టాలంటే జిడ్డు, పాత గ్యాస్ జిగురు, తుప్పు అన్నీ పోయి లోహం శుభ్రంగా, పొడిగా ఉండాలి. కానీ ట్యాంకులో గ్యాస్ అటూ ఇటూ కొట్టుకోకుండా అడ్డుపలకలు ఉంటాయి. వాటి వెనకాల, అతుకుల మూలల్లో ఏముందో పోసేవాడికీ కనపడదు. అక్కడ ఒక్క చోట లేచినా గ్యాస్ పొర కిందికి దూరి మిగతాదాన్నీ లేపేస్తుంది. ఇథనాల్ రాకముందు కాలం సీలర్లు కొన్ని ఈ గ్యాస్‌కి మెత్తబడి కరిగిపోతాయి కూడా.

బండి ఆగిపోవడం ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. సన్న నలుసు ఫిల్టర్ దాటి కార్బురేటర్‌లో గ్యాస్ రాకని ఆపే నీడిల్ కింద ఇరుక్కుంటే నీడిల్ మూసుకోదు. కార్బురేటర్‌లో గ్యాస్ నిలిచే గిన్నె పొంగి గ్యాస్ వేడి ఇంజిన్ మీదికి కారుతుంది. నా కార్బురేటర్ పక్కలు అప్పటికే తడిసి ఉన్నాయి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తిరగాల్సిన బండి అది.

కొనేముందు చూడాల్సినవి చెప్తాను. మెరిసే కొత్త ఫ్యూయల్ ఫిల్టర్ ఉంటే పాతది ఏమైందో అడగండి, వీలైతే చూపించమనండి. ట్యాంకు మూతి దాకా నింపి పెట్టారంటే కూడా అనుమానించండి, లోపల ఏముందో కనపడదు. వెళ్లేముందు ఫోన్‌లోనే ట్యాంకు పావు వంతు కంటే తక్కువ ఉంచమని చెప్పండి. బానెట్ కిందో వెనక తొట్టిలోనో పడవలకి వాడే చిన్న ప్లాస్టిక్ ట్యాంకు నుంచి గొట్టం వస్తోందేమో చూడండి. అలా నడిపి చూపించిన బండి అసలు ట్యాంకు గురించి మీకేమీ చెప్పదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యూయల్ పంపుకి ముందున్న గొట్టం విప్పి గాజు సీసాలో కొంచెం గ్యాస్ పట్టి, నిలవనివ్వండి. అడుగున నీళ్లు చేరినా, ఎర్ర పొడి దిగినా, పుల్లటి వార్నిష్ కంపు కొట్టినా సంగతి అర్థమైపోతుంది. ఆ తర్వాత కనీసం అరగంట హైవే స్పీడులో నడపండి. వీధి చివరిదాకా తిప్పితే ఈ జబ్బు బయటపడదు. అంతకి ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి.

నేను ఆ ట్యాంకు బాగుచేయించే ఆలోచన పెట్టుకోలేదు. ఈ షెవర్లేలకి కొత్త ట్యాంకు కొన్ని వందల డాలర్లలో దొరుకుతుంది. ఊడిపోతున్న సీలర్ మొత్తం తీయించడానికి అయ్యే ఖర్చూ శ్రమా దానికంటే ఎక్కువ. ఇంటర్నేషనల్, స్టూడ్‌బేకర్ లాంటి ట్రక్కులకి మాత్రం కొత్తవి అంత తేలిగ్గా దొరకవు కాబట్టి పాతదాన్నే శుభ్రం చేసుకోవాల్సి రావచ్చు. అప్పుడు వెనిగర్ నింపి కొన్ని రోజులు ఉంచి, తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టడం నిదానమైన దారి. ఆరబెట్టడం ఆలస్యమైతే గంటల్లో మళ్లీ ఎర్రబడుతుంది. వాషింగ్ సోడా నీళ్లలో బ్యాటరీ ఛార్జర్ పెట్టి తుప్పు తీసే పద్ధతీ ఉంది. అందులో హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. లోపలికి దించే కడ్డీ మామూలు ఇనుముదే ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ పెడితే విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. మ్యూరియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) వైపు వెళ్లకండి. పలచబడిన రేకుకి చిల్లులు పడతాయి, ఆ పొగకి గ్యారేజీలో ఉన్న పనిముట్లన్నీ తుప్పు పడతాయి.

ఏ పద్ధతైనా సరే, ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కంటే ప్రమాదం. గాలిలో గ్యాస్ ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చాలు, అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పాకుతూ పోయి గ్యారేజీలో ఉన్న వాటర్ హీటర్ మంటని తాకుతుంది. దయచేసి ట్యాంకు విప్పే పని గ్యారేజీలో పెట్టుకోకండి. చిల్లుకి వెల్డింగ్ చేస్తానని ఎవరైనా తెలిసినవాళ్లు ముందుకొచ్చినా వద్దనండి.

కొత్త ట్యాంకు ఆర్డర్ పెట్టేటప్పుడు మీ బండిలో గ్యాస్ ఆవిరిని పట్టే గొట్టాలు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. వాటికి వేరే ట్యాంకు, అవి లేనివాటికి వేరే ట్యాంకు. సెండింగ్ యూనిట్ కూడా సరిపోవాలి, దాని విద్యుత్ నిరోధాన్ని ఓమ్‌లలో చెప్తారు. జీఎం బండ్లలో 1965 నుంచి 0–90 ఓమ్‌లది, అంతకుముందు 0–30 ఓమ్‌లది. తేడా పడితే గేజ్ అబద్ధం చెబుతుంది. ట్యాంకు మార్చి పాత లైన్లని అలాగే వదిలేస్తే తుప్పు మళ్లీ కార్బురేటర్‌కే చేరుతుంది. ఇనప లైను కడిగించండి, రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునేవి వేయండి, కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించండి.

అమ్మిన ఆయనకి ఊడిన పొరల ఫోటోలు పంపాను. చూశాడు, జవాబు లేదు. ఉన్నది ఉన్నట్టుగా అని రాసుకుని ప్రైవేటు మనిషి దగ్గర కొన్న బండికి వెనక్కిచ్చే హక్కు దాదాపు ఉండదు. కానీ అబద్ధం చెప్పి అమ్మినట్టు రుజువు ఉంటే టెక్సస్‌లో 20,000 డాలర్ల దాకా జస్టిస్ కోర్టులో (చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టు) దావా వేయొచ్చు. ఆ రుజువు మాటల్లో ఉండదు. అందుకే ప్రకటన కనిపించిన రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అమ్మాక వాళ్లు దాన్ని తీసేస్తారు. ట్యాంకు గురించి ఫోన్‌లో ఏం చెప్పినా అదే మాట మెసేజ్‌లో రాయించుకోండి. ఏ షాపులో చేయించారో పేరు అడిగి, డబ్బు చేతిలో పెట్టకముందే ఆ షాపుకి మీరే ఫోన్ చేయండి.