నీలం ఒక్కటే చూస్తే చాలదు: ఎస్ఓఎస్ క్రోమోటెస్ట్ కిట్

డీఎన్ఏను దెబ్బతీసే రసాయనాలను ఒక్క పూటలో పసిగట్టాలంటే ఈ కిట్ బాగా పనికొస్తుంది. అయితే దీని విలువంతా నీలం రంగులో కాదు, దానితోపాటు చదివే పసుపులో ఉంది.

ఇందులో వాడేది పీక్యూ37 అనే ఈ.కోలై బ్యాక్టీరియా రకం (స్ట్రెయిన్). ఫిలిప్ కియార్దే, మోరిస్ ఆఫ్‌నుంగ్‌ల బృందం 1982లో ఈ పరీక్షను ప్రచురించింది. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు బయటపడే ఒంటిపోగు మీద రెక్‌ఏ ప్రోటీన్ పేరుకుంటుంది. అది తగలగానే, జన్యువులను అణచి ఉంచే లెక్స్‌ఏ తనను తానే తెంచుకుంటుంది. మూసి ఉన్న సల్‌ఏ జన్యువు తెరుచుకుంటుంది. దానికి ల్యాక్‌జెడ్ అనే జన్యువు అతికించి ఉంది కాబట్టి బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్ తయారై నీలం వస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే మరో ఎంజైమ్ మాత్రం ఈ స్ట్రెయిన్‌లో ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, పసుపు దానిదే. శాంపిల్ విషానికి కణాలు ప్రోటీన్లే చేయలేకపోతే నీలమూ పసుపూ కలిసి పడిపోతాయి. నీలం ఒక్కటే చూసినవాళ్లు అప్పుడు 'నెగటివ్' అని రాసేస్తారు.

చురుగ్గా పెరుగుతున్న కల్చర్‌ను 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) 0.05కి పలచన చేసి, 10 మైక్రోలీటర్ల శాంపిల్‌కు 100 మైక్రోలీటర్లు కలిపి, 37 డిగ్రీల్లో 2 గంటలు ఉంచాలి. ముదిరిన కల్చర్ వాడితే నేపథ్యపు నీలం పెరిగి ఫలితం మసకబారుతుంది. నీలాన్ని పసుపుతో భాగించి, వచ్చినదాన్ని శాంపిల్ లేని బావి (ప్లేటులోని చిన్న గుంట) నిష్పత్తితో పోల్చండి. 1.5 రెట్లు దాటి, మోతాదుతోపాటు పెరుగుతుంటేనే నమ్మాలి. పాజిటివ్ కంట్రోల్ (తప్పక నీలం ఇవ్వాల్సిన రసాయనం) 4-నైట్రోక్వినోలిన్ ఆక్సైడ్. అది పలకకపోతే ఆ ప్లేటు మొత్తం పక్కన పెట్టాల్సిందే. ఎస్9 (కాలేయపు ఎంజైముల సారం) కలిపే బావులకు కంట్రోల్‌గా 2-అమినోఆంత్రసీన్ విడిగా ఉండాలి.

మోసపోయేది ఎక్కువగా పసుపు దగ్గరే. శాంపిల్‌లో ఫాస్ఫేట్ గానీ ఈడీటీఏ (లోహాలను పట్టేసే రసాయనం) గానీ ఎక్కువైతే ఫాస్ఫటేజ్ మందగించి, నిష్పత్తి ఉత్తిపుణ్యానికి పెరుగుతుంది. శాంపిల్‌కే రంగు ఉంటే బ్యాక్టీరియా లేని బావిలో దాని రీడింగ్ తీసి తీసివేయాలి.

డీఎన్ఏ రెండు పోగులను ఒకదానికొకటి అతికించేసే (క్రాస్‌లింక్) మైటోమైసిన్ సి లాంటి రసాయనాలకు పీక్యూ37 సరైనది కాదు. మరమ్మతుకు కావాల్సిన యూవీఆర్‌ఏ జన్యువు ఇందులో పనిచేయదు, అది ఉన్న పీక్యూ35 వాడాలి. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న మురుగునీరు గట్టి పాజిటివ్ ఇస్తుంది. ఆ మందు బ్యాక్టీరియాలోని గైరేజ్ అనే ఎంజైమ్‌ను పట్టుకుని డీఎన్ఏ తెగేలా చేస్తుంది కనుక, ఆ సంకేతం మనుషులకు మ్యూటాజెన్ (జన్యుమార్పులు తెచ్చేది) అనడానికి రుజువు కాదు. బేస్ అనలాగులను, అంటే డీఎన్ఏ అక్షరాలను పోలిన రసాయనాలను, ఈ పరీక్ష జారవిడుస్తుంది. వాటికి బ్యాక్టీరియాలో జన్యుమార్పులను లెక్కించే ఏమ్స్ పరీక్షే దిక్కు.