తిరుపతిలో బండ్ల మీద అమ్మే లేబుల్ లేని యాసిడ్ కొనకండి: కుళాయిలూ పోతాయి, బండలూ పోతాయి

దర్శనానికి వచ్చే చుట్టాలు రేణిగుంటలో రైలు దిగాక ఫోన్ చేస్తారు. అరగంటలో ఇంట్లో ఉంటారు. బాత్‌రూమ్ చూస్తే బోరు నీళ్ళకు కుళాయి మూతి చుట్టూ తెల్లగా గట్టిపడిన ఉప్పు, గోడ వారన పసుపు చార. సరిగ్గా అప్పుడే వీధిలో "యాసిడ్, ఫినాయిల్" అని బండి కేక వినిపిస్తే చెయ్యి డబ్బుల మీదికి పోతుంది. ఆగండి.

ఆ సరుకు తాగి పారేసిన నీళ్ళ సీసాల్లో పోసి ఉంటుంది. లేబుల్ లేదు, ఘాటు ఎంతో తెలియదు. కంపెనీ టాయిలెట్ క్లీనర్‌లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ 10 శాతం దాకా ఉంటుంది. విడిగా అమ్మేది దానికి మూడింతలు ఘాటుగా ఉండొచ్చు, సగం నీళ్ళే కావచ్చు. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం యాసిడ్ అమ్మేవాళ్ళు కొన్నవాళ్ళ వివరాలు రిజిస్టర్‌లో రాసుకోవాలి, ఫోటో గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్ళలోపు వాళ్ళకు అమ్మకూడదు. తోపుడు బండి మీద రిజిస్టర్ ఎవరైనా చూశారా?

పోయగానే బుసబుసా పొంగి ఉప్పు కరిగిపోతుంది కాబట్టి బాగా పనిచేసినట్టే ఉంటుంది. మన ఇళ్ళలో పరిచే కడప బండ కూడా సున్నపురాయి జాతిదే, కాబట్టి అదీ అలాగే పొంగుతుంది. నల్లగా నిగనిగలాడే బండ మీద ఒక్క చుక్క పడితే నురగ లేస్తుంది, ఆరాక బూడిద రంగు మచ్చ తేలుతుంది, వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. అది మురికి కాదు, బండ పైపొర పోయిన చోటు. ఎంత తోమినా పోదు, పాలిష్ పట్టించాల్సిందే. మొజాయిక్ గచ్చుదీ ఇదే కథ. టైల్స్ సందుల్లో సిమెంటు కొంచెం కొంచెంగా కరిగిపోతే నీళ్ళు అడుక్కి దిగి కింది ఇంటి స్లాబు చెమ్మెక్కుతుంది. కుళాయి మీద మెరుపు పూత లేచి లోపలి ఇత్తడి పచ్చగా బయటపడుతుంది. ఆవిరికే గీజరు స్క్రూలు, తలుపు బందులు తుప్పు పడతాయి.

అన్నిటికన్నా ప్రమాదం, ముందు బ్లీచింగ్ పౌడర్ చల్లి దాని మీద యాసిడ్ పోయడం. క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలికన్నా బరువైంది కాబట్టి వంగి తోమేవాళ్ళ ముఖం దగ్గరే ఉంటుంది. కళ్ళు మండి, దగ్గు ఆగకపోతే బకెట్ అక్కడే వదిలేసి బయటికి వచ్చేయండి. నీళ్ళు కొడదామని మళ్ళీ లోపలికి వెళ్ళొద్దు. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయండి. ఒంటి మీద యాసిడ్ పడితే ధారగా నీళ్ళు కనీసం 20 నిమిషాలు పోయాలి. నీళ్ళ సీసా అనుకుని పిల్లలు తాగితే వాంతి చేయించకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అరగంటలో పనికొచ్చేది కిరాణా అంగట్లో దొరికే నిమ్మ ఉప్పు. లీటరు గోరువెచ్చటి నీళ్ళకు 50 గ్రాములు కలిపి, పాత గుడ్డ తడిపి కుళాయికి చుట్టేయండి. అది నానేలోపు కమోడ్ లోపల లేబుల్ ఉన్న క్లీనర్ పోసి వదిలేయండి. పావుగంట తరవాత గుడ్డ తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఉప్పు పెచ్చులుగా ఊడుతుంది, వెంటనే కడిగేయండి. ఏళ్ళ నాటి ఉప్పయితే రెండుసార్లు చుట్టాలి. నిమ్మ ఉప్పు కూడా యాసిడే, కడప బండ మీదా మొజాయిక్ మీదా పడనివ్వకండి. వాటికి గిన్నెలు తోమే లిక్విడ్, గట్టి బ్రష్ చాలు.

వాసన మాత్రం మరకలది కాదు. వాడకుండా మూసి ఉంచిన బాత్‌రూమ్‌లో జాలీ కింద నిలవాల్సిన నీళ్ళు ఎండిపోయి డ్రైనేజీ కంపు పైకి వస్తుంది. జాలీ ఎత్తి, వెంట్రుకల ముద్ద తీసేసి, బకెట్ నీళ్ళు కుమ్మరిస్తే తగ్గిపోతుంది. దానికి యాసిడ్ పోస్తే జాలీ నల్లబడుతుంది, కంపు అలాగే ఉంటుంది.

ఇప్పటికే ఆ సీసా కొనేసి ఉంటే కనీసం వంటింట్లో, నీళ్ళ సీసాల పక్కన పెట్టకండి.