బోరు మోటర్ వైండింగ్ షాపు: ఆరేండ్ల వాడకం తర్వాత

మోటర్ ఎందుకు కాలిందో చూపించి మరీ చెప్పే షాపు మా మండల కేంద్రంలో ఇదొక్కటే. ఆరేండ్లలో మా 5 హెచ్‌పీ బోరు మోటర్ నాలుగుసార్లు ఇక్కడికి వచ్చింది. వాళ్లు చుట్టిన వైండింగ్ కన్నా ఆ చెప్పిన కారణమే నాకు ఎక్కువ డబ్బు మిగిల్చింది.

మిగతా చోట్ల మోటర్ దించగానే పాత కాయిళ్లు కోసి పడేస్తారు. ఇక్కడ రైతు వచ్చి చూసేదాకా కోయరు. చూడటం తెలిస్తే ఆ నలుపులోనే కారణం ఉంటుంది. కాయిళ్లన్నీ ఒకే తీరుగా మాడితే మోటర్ మీద మొత్తంగా బరువు పడ్డట్టు: వోల్టేజి తక్కువై ఉంటుంది, లేదా బుష్ (ఇరుసు తిరిగే గొట్టం) పట్టేసి ఉంటుంది, లేదా ఇంపెల్లర్లలో (నీళ్లు పైకి నెట్టే చక్రాల్లో) ఇసుక ఇరుక్కుని ఉంటుంది. కాయిలు కూర్చునే గాడి, అంటే స్లాటు, ఒక్కదాని అంచునే చిల్లు పడితే అక్కడ తీగ మీది పొర తెగి బాడీకి తగిలినట్టు. మూడింట రెండు వంతులు మాడి, మిగిలిన వంతు చెక్కుచెదరకుండా ఉంటే మోటర్‌కు వచ్చే మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అది తిరుగుతూనే ఉన్నట్టు. మూడు ఫేజుల కాయిళ్ల కొసలు ఒకచోట కలిపే స్టార్ కనెక్షన్ మోటర్ సంగతి ఇది. ఒకదాని కొస మరోదానికి కలిపే డెల్టాలో అయితే మాడేది ఒక వంతే.

మూడోసారి కాలినప్పుడు ఈ చూపు విలువ తెలిసింది. నాట్ల సమయం, చుట్టించి దించిన 23 రోజులకే ఆగింది. నాసిరకం తీగ వేశారని షాపు మీదే అనుమానపడ్డాను. విప్పితే సరిగ్గా మూడింట రెండు వంతులు మాడి ఉంది. మెకానిక్ తీగ ముట్టకుండా ముందు స్టార్టర్ డబ్బా తెమ్మన్నాడు. మోటర్‌కు కరెంటు కలిపే, తెంపే కాంటాక్టర్ మూడు పాయింట్లలో మధ్యది గుంటలు పడి నల్లబడింది. చేత్తో నొక్కిపట్టి మీటర్ పెడితే ఒకసారి కలుస్తోంది, ఒకసారి కలవడం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులూ వస్తున్నాయి, డబ్బాలో ఒకటి తెగుతోంది.

మరి ఒక ఫేజు పోతే మోటర్‌ను ఆపాల్సిన సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఎందుకు ఆపలేదు? మాది కాంటాక్టర్‌కు ముందున్న వోల్టేజిని చూసే రకం. కాంటాక్టర్‌లో తెగిన ఫేజు ఈ ప్రివెంటర్‌కు కనిపించదు. అప్పుడు ఆపాల్సింది కరెంటును చూసే ఓవర్‌లోడ్ రిలే. మోటర్ ప్లేటు మీద 9.5 ఆంపియర్లు ఉంటే రిలే 14 మీద ఉంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎప్పుడో తిప్పిందే. మామూలుగా 8 ఆంపియర్లు లాగే మోటర్ రెండు ఫేజుల మీద ఇంచుమించు 1.7 రెట్లు, అంటే 14కు కొంచెం తక్కువే లాగుతుంది. రిలే కదల్లేదు, కాయిళ్లు మాడాయి. పాయింట్ల సెట్టు మార్చి, రిలేను 9.5కు తెచ్చాక మూడేండ్లుగా వైండింగ్ కాలలేదు. నాలుగోసారి వెళ్లింది బుష్‌ల కోసం.

కరెంటు రాగానే మోటర్‌ను తానే ఆన్ చేసే ఆటో స్టార్టర్ల సంగతీ మొదట చెప్పింది వీళ్లే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలైనా చాలామంది వాటిని తీయలేదు. కరెంటు పోయి రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజి పడిపోతుంది, ఫ్యూజు ఎగురుతుంది. ఒక ఫేజు ఫ్యూజే ఎగిరితే మిగతా రెండింటి మీద, ఆపే రక్షణ లేని మోటర్లు మాడతాయి.

పాత రాగి తూచి లెక్కలో తీసేస్తారు, కొత్త తీగ బరువు చీటీ మీద రాస్తారు. ఇందులో పేచీ లేదు. నీళ్ల పరీక్ష విషయంలో మాత్రం ఒకప్పటి మెప్పు ఇప్పుడు లేదు. చుట్టిన స్టేటర్‌ను (కాయిళ్లుండే కదలని భాగాన్ని) రాత్రంతా డ్రమ్ములో ముంచి, పొద్దున కరెంటు బాడీకి కారుతోందో లేదో కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూసి ఇచ్చేవారు. ఇప్పుడు సీజన్‌లో గంట ముంచి తీస్తున్నారు. తీగ పొరలో సన్నని సూదిరంధ్రం ఉంటే గంటలో బయటపడకపోవచ్చు. ఒక రోజు ఆలస్యమైనా రాత్రంతా ఉంచమని అడగండి, మెగ్గర్ అంకె మీరే చూడండి.

కేబుల్ జాయింటు వీళ్ల బలహీనత. షాపు కుర్రాడు మూడు తీగలనూ ఒకే పొడవున కోసి, పక్కపక్కనే మెలిపెట్టి, పీవీసీ టేపు చుట్టేస్తాడు. నీళ్లలో అది ఎక్కువ కాలం ఆగదు. మూడింటినీ హెచ్చుతగ్గులుగా కోయించి, ముందు రబ్బరు టేపు లాగి చుట్టించి, దానిపైన పీవీసీ టేపు వేయించండి. ఆ జాయింటును బకెట్ నీళ్లలో ముంచి మళ్లీ మెగ్గర్ పెట్టించండి. ఈ రకం మోటర్ లోపల నీళ్లు నిండి ఉండాలి; షాపులో నింపినా ట్రాలీలో పడుకోబెట్టి తెస్తే కొంత కారుతుంది. దించేముందు బోరు దగ్గర నిలబెట్టి, బుడగలు ఆగేదాకా మంచినీళ్లు పోయాలి.

మాకు సొంత ట్రాక్టర్ ఉంది, షాపు 14 కిలోమీటర్లు, వరి ఒక రోజు ఆగగలదు. అందుకే నేను మళ్లీ ఇక్కడికే వెళ్తాను. కిరాయి బండి మీద తెచ్చేవాళ్లకు, కూరగాయల మడికి సాయంత్రానికే నీళ్లు కావాల్సినవాళ్లకు ఈ షాపు కుదరకపోవచ్చు. ఇంటి ట్యాంకుకు నీళ్లెక్కించే 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటర్‌కైతే ఇంత దూరం అక్కర్లేదు. హమ్మని మూలిగి తిరగకపోతే ముందు కెపాసిటర్ మార్చి చూడండి.