ఫ్యామిలీ లింక్ చాలాకాలం వాడాక: పిలకాయల ఫోనుకు సరే, అమ్మ ఫోను మాటేంటి?

పిల్లల ఫోనును పెద్దవాళ్లు తమ ఫోను నుంచి అదుపు చేసే యాప్ గూగుల్ ఫ్యామిలీ లింక్. అది ఉచితం, చెప్పిన పని చేస్తుంది. కాకపోతే పిలకాయలకు విడిగా ఒక ఫోనుండి, అందులో వాళ్ల పేరున ఖాతా ఉంటేనే. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎక్కువ ఇళ్లలో అట్లా ఉండదు. నాన్న ఫోను ఆయనతోపాటు రొయ్యల గుంటల కాడికో కొట్టుకో పోతుంది. పిల్లల చేతికొచ్చేది అమ్మ ఫోను. అందులో ఉన్నది పెద్దవాళ్ల ఖాతా కాబట్టి ఫ్యామిలీ లింక్ అక్కడ చేయగలిగింది ఏమీ లేదు.

ముందు విడి ఫోను సంగతి. 13 ఏళ్లు నిండని పిల్లలకు ఖాతా తెరిచేటప్పుడు అసలు పుట్టినతేదీ వేయండి. పని తొందరగా అయిపోతుందని 18 దాటిన తేదీ వేస్తే యూట్యూబు, ప్లే స్టోరు ఆ బిడ్డను పెద్దవాళ్ల కింద లెక్కేస్తాయి. తర్వాత ఎన్ని తాళాలు వేసినా సగం పనిచేయవు. కొత్త యాప్ ఏది దించుకోవాలన్నా మీ అనుమతి అడిగేట్టు పెట్టడం అన్నిటికన్నా విలువైన సెట్టింగ్. క్రోమ్‌లో పెట్టిన వడపోత క్రోమ్‌కే పరిమితం, వేరే బ్రౌజర్ దించుకుంటే అది వర్తించదు. రోజు పరిమితి అయిపోయి ఫోను లాక్ పడ్డాక వచ్చిన కాల్ ఎత్తొచ్చు. ఇంటికి కాల్ చేయాలంటే మాత్రం ఫోన్ యాప్‌ను ‘ఎప్పుడూ అనుమతించు’ జాబితాలో చేర్చాలి. ట్యూషన్‌కి పంపే పిల్లలకు ఇది తప్పనిసరి. పిల్లల ఫోనులో నెట్ లేనప్పుడు తాళం తీయాలంటే మీ యాప్‌లో కనిపించే పేరెంట్ కోడ్ అక్కడ కొడితే చాలు. వాట్సాప్‌లో ఎవరు ఏం పంపారో ఈ యాప్ చూపించదు. అది చూపిస్తుందని నమ్మి ఊరుకోవద్దు.

ఇక అమ్మ ఫోను. అన్నిటికన్నా పనికొచ్చింది ప్రైవేట్ డీఎన్ఎస్. సైటు పేరు కొట్టగానే దాని చిరునామా వెతికిపెట్టేది డీఎన్ఎస్. అది వడపోసేదైతే చెడ్డ సైట్లకు చిరునామా ఇవ్వదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రతి ఫోనులో ఉంది, మొబైల్ డేటా మీదా పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగం తెరిచి (కొన్ని ఫోన్లలో ‘మోర్ కనెక్షన్స్’ కింద ఉంటుంది) ప్రైవేట్ డీఎన్ఎస్‌లో హోస్ట్‌నేమ్ ఎంచుకుని ‘ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ హైఫన్ డీఎన్ఎస్ డాట్ కామ్’ (family.cloudflare-dns.com) అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. ముందు హెచ్‌టీటీపీఎస్ తగిలిస్తే సేవ్ కాదు. ఒక్క అక్షరం తప్పినా నెట్ మొత్తం ఆగిపోతుంది. అశ్లీల సైట్లు, వైరస్ అంటించే సైట్లు చాలావరకు ఈ వడపోత దాటి తెరుచుకోవు. స్టేషన్‌లోనో ఆసుపత్రిలోనో వైఫై లాగిన్ పేజీ రాకపోతే కాసేపు ‘ఆటోమేటిక్’ చేసి, పనయ్యాక మళ్లీ పేరు పెట్టుకోవాలి. చాలా ఇళ్లలో ఇక్కడే జారిపోతుంది: ఆటోమేటిక్ చేసినవాళ్లు తిరిగి పెట్టరు. డీఎన్ఎస్‌కు కనబడేది సైటు పేరే. యూట్యూబు, ఇన్‌స్టా లోపల ఏ వీడియో నడుస్తుందో దానికి తెలియదు. నెట్‌ను వేరే దారిలో మళ్లించే వీపీఎన్ యాప్ వేస్తే ఈ వడపోత పక్కకు పోతుంది.

ఇంట్లో కేబుల్ నెట్ ఉంటే అదే వడపోత ఇంట్లో అన్ని ఫోన్లకూ వచ్చేట్టు రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు నెట్ వివరాలు అందించే సెట్టింగ్) కింద మొదటి డీఎన్ఎస్ 1.1.1.3, రెండోది 1.0.0.3 పెట్టండి. రెండోదిగా వడపోత లేని గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 ఉంచితే కొన్ని అభ్యర్థనలు అటు పోయి వడపోత కారుతుంది. రౌటర్ పాస్‌వర్డ్ కేబుల్ ఆపరేటర్ దగ్గరే ఉంటే ఆయన్నే అడిగి మార్పించుకోండి, అయిదు నిమిషాల పని.

చిన్నపిల్లలకు మామూలు యూట్యూబు వద్దు, యూట్యూబ్ కిడ్స్ పెట్టండి. 4 ఏళ్ల వరకు, 5 నుంచి 8, 9 నుంచి 12 అని మూడు తరగతులున్నాయి. సెట్టింగ్స్‌లోకి పోవడానికి మొదట ఓ గుణకారం లెక్క అడుగుతుంది. ఎక్కాలు వచ్చిన మూడో తరగతి పిల్ల దాన్ని ఇట్టే చేసేస్తుంది. అందుకే సొంత నాలుగంకెల పాస్‌కోడ్ పెట్టాలి. బాగా చిన్నవాళ్లకు వెతికే సౌకర్యం ఆపేసి, మీరు ఒప్పుకున్న చానెళ్లే కనబడేట్టు చేయొచ్చు. మొదట ఎంచడానికి ఓ సాయంత్రం పడుతుంది, అయినా అంత నిశ్చింత ఇంకే సెట్టింగూ ఇవ్వలేదు.

ఫోను చేతికిచ్చే ముందు ఆ యాప్‌ను పిన్ చేయండి, అంటే అది తప్ప ఇంకోటి తెరుచుకోకుండా తెరమీద బిగించండి. సెట్టింగ్స్‌లో ‘యాప్ పిన్నింగ్’ అని వెతికి, అన్‌పిన్ చేసేటప్పుడు స్క్రీన్ లాక్ అంకెలు అడిగేట్టు మార్చాలి. ఈ రెండోది ఆన్ చేయకపోతే పిన్ చేసీ ఉపయోగం లేదు. పిల్లలు అన్‌పిన్ చేసుకుని వాట్సాప్‌లోకి, అక్కడి నుంచి ఫోన్‌పేలోకి పోగలరు.

డబ్బుల కోసం ప్లే స్టోరులో ప్రతి కొనుగోలుకూ ధృవీకరణ అడిగేట్టు పెట్టండి. యూపీఐ యాప్‌లో ఆటోపే (దానంతటదే డబ్బు కట్టే ఏర్పాటు) జాబితా తెరిచి, గేముల పేరున ఉన్నవి రద్దు చేయండి. స్క్రీన్ లాక్, యూపీఐ పిన్ ఒకే అంకెలు కాకూడదు, స్క్రీన్ లాక్ పిల్లలకు తెలిసిపోయే అవకాశముంది. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగేస్తే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు అవతలి ఖాతా దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫొటోలు పెడతామని బిడ్డను ఎవరైనా బెదిరిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి. బ్లాక్ చేసేముందు ఆ చాట్, ఖాతా పేరు, నంబరు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచండి.