గీతలా, చీటీలా, 'ఎందుకంటే'నా: ఆధారాలు వెతకడం నేర్పడానికి ఏది మేలు?

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఒక పేరా ఇచ్చి ప్రధాన భావం అడిగితే చాలామంది దగ్గరదగ్గరగానే చెప్పేస్తారు. తడబాటు ఆ తర్వాతి ప్రశ్న దగ్గర మొదలవుతుంది. 'ఆ మాటకు పేరాలో ఆధారాలేవి?' అనగానే కనిపించిన ప్రతి తేదీ, ప్రతి పేరు రాసుకొస్తారు. ఏడాదంతా బిట్లు బట్టీ పట్టే పిల్లలకు అంకె కనబడితే అదే ముఖ్యమనిపిస్తుంది. తప్పు వాళ్లది కాదు. హైదరాబాద్ బడుల్లో దీనికి టీచర్లు వాడే పద్ధతుల్లో నాకు నచ్చింది చీటీల పద్ధతి. ఎందుకో చెప్పాలంటే అన్నిటినీ ఒకే పేరా మీద పెట్టి చూడాలి. మన ఊరి పేరానే తీసుకుందాం:

"1908 వరద తర్వాత హైదరాబాద్ మూసీని అదుపులో పెట్టే పని చేపట్టింది. ఆ ఏడాది సెప్టెంబర్ 28న నది పొంగి వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని చెబుతారు. 1909లో నిజాం ప్రభుత్వం ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదనీటిని ఆపాలని ఆయన సూచించారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్‌ను జనం గండిపేట అంటారు."

మొదటి వాక్యమే ప్రధాన భావం. మిగతా ఆరింటిలో దాన్ని నిలబెట్టేవి ఏవి?

అందరూ ముందు చేయించేది గీతలు గీయించడం. ఖర్చు లేదు, పెన్సిల్ చాలు, క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ కాపీలు చూస్తే సగం పేరా గీతలతో నిండి ఉంటుంది. గండిపేట కింద గీత ఉంటుంది, చింతచెట్టు కింద రెండు గీతలు ఉంటాయి. ఆ గీత ఎందుకు పడిందో గీసిన పిల్లవాడికీ తెలియదు, దిద్దే టీచరుకూ తెలియదు. డన్‌లాస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తోటి పరిశోధకులతో కలిసి 2013లో చదువుకునే పద్ధతులు పదింటిని బేరీజు వేశారు. అందులో గీతలు గీయడం తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో చేరింది. 'ఎందుకు' అని ప్రశ్నించుకుంటూ చదవడానికి మధ్యస్థాయి దక్కింది. మా క్లాసుల్లో కనిపించేదీ ఇంచుమించు ఇదే.

పట్టిక గురించి ఎక్కువ చెప్పను. పైన ప్రధాన భావానికి ఒక గడి, కింద ఆధారాలకు మూడు గడులు. దిద్దడం తేలిక, గోడకు అంటిస్తే బాగుంటుంది. అయితే గడులు మూడున్నాయి కాబట్టి మూడు వాక్యాలు నింపాలి అన్నదే పిల్లల లెక్క అయిపోతుంది. ఆలోచన అయ్యాక రాసిపెట్టుకోవడానికి పట్టిక పనికొస్తుంది, ఆలోచింపజేయడానికి కాదు.

ఇక చీటీలు. పేరాలోని ఒక్కో వాక్యాన్ని ఒక్కో చీటీ మీద రాసి, నలుగురేసి పిల్లల గుంపుకు ఒక సెట్ ఇస్తాం. నలభై మంది ఉంటే పది సెట్లు. పల్చటి కాగితం ఫ్యాన్ గాలికి ఎగిరిపోతుంది కాబట్టి పాత శుభలేఖలు, క్యాలెండర్ అట్టలు మేలు. ప్రధాన భావం చీటీ బల్ల మధ్యలో పెట్టి, దానికి బలమిచ్చేవి కింద పేర్చాలి, బలమివ్వనివి పక్కన పెట్టాలి. చీటీ చేతిలో ఉంది కాబట్టి ఎటో ఒకవైపు పెట్టక తప్పదు. పెట్టగానే పక్కవాడు ఒప్పుకోడు. వాదన అక్కడే మొదలవుతుంది.

'సార్, చింతచెట్టు గూడ వరద గురించే గదా!' ఈ మాట ఏదో ఒక గుంపు నుంచి తప్పకుండా వస్తుంది. దానికి జవాబు చెప్పకుండా ఆ గుంపుకు ఇంకో ప్రధాన భావం చీటీ ఇస్తాను: '1908 వరద హైదరాబాద్‌ను అతలాకుతలం చేసింది.' ఇప్పుడు పేర్చమంటే చింతచెట్టు పక్క నుంచి కిందికి వస్తుంది, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ పక్కకు పోతాయి. వాక్యాలు మారలేదు, పైన ఉన్న మాట మారింది. ఏ వివరమూ తనంతట తాను ఆధారం కాదు, ఫలానా మాటకు మాత్రమే ఆధారం అవుతుందని పిల్లలకు చేతులతో తెలిసేది ఇక్కడే. గీత గీసిన పేజీలో ఈ పని చేయించలేం, గీత కదలదు కదా. నా దృష్టిలో చీటీల విలువంతా ఈ రెండో విడత పేర్పులోనే ఉంది. సమయం చాలదని దాన్ని వదిలేస్తే సగం పాఠం పోయినట్టే.

చావుల గురించిన వాక్యం మీద రెండు వర్గాలు తయారవుతాయి. 'పని ఎందుకు చేపట్టారో చెబుతోంది, కింద ఉండాలి' అని ఒకరు. 'చేపట్టారనడానికి అది రుజువు కాదు' అని ఇంకొకరు. కారణం చెప్పగలిగితే రెండూ ఒప్పుకుంటాను. గండిపేట చీటీని మాత్రం రెండుసార్లూ అందరూ పక్కనే పెట్టాలి.

చీటీలకు ఇబ్బందులూ ఉన్నాయి. పీరియడ్ మొత్తం పడుతుంది, సిలబస్ తరుముతున్నప్పుడు టెన్షన్ తప్పదు. ఒక్క చురుకైన అమ్మాయి అన్నీ పేర్చేస్తే మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చుంటారు. అందుకే తలా ఒకటో రెండో చీటీలు పంచి, ఎవరి చీటీ వాళ్లే పెట్టాలనే నియమం ఉండాలి.

'ఎందుకంటే' పద్ధతికి ఈ బాధ లేదు. ఎంచుకున్న ప్రతి వివరం పక్కన 'ఇది ఆధారం, ఎందుకంటే...' అని ఒక్క వాక్యం రాయాలి. 'ఇది తీసేస్తే పై మాట బలం తగ్గుతుందా?' అని తనను తాను అడుగుకోవాలి. గండిపేట పేరు తీసేసినా వరదను ఆపిన కథ చెక్కుచెదరదు. ఉస్మాన్ సాగర్ వాక్యం తీసేస్తే 'అదుపులో పెట్టే పని' ఉత్త మాటగా మిగులుతుంది. ఎనిమిదో తరగతికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. ఆరో తరగతిలో నేరుగా మొదలుపెడితే మాత్రం 'ఎందుకంటే పేరాలో ఉంది కాబట్టి' అని రాసేస్తారు. మన క్లాసుల్లో ఇంట్లో ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలు చాలామంది. కారణాన్ని ముందు ఆ భాషలో నోటితో చెప్పనిచ్చి తర్వాత తెలుగులో రాయిస్తే, వాళ్ల ఆలోచన ఎంత పదునుగా ఉందో బయటపడుతుంది.

కాబట్టి ఆరో తరగతికి చీటీలు, అదీ ప్రధాన భావం మార్చి రెండుసార్లు. ఏడో తరగతిలో చీటీ పెడుతూనే 'ఎందుకంటే' నోటితో చెప్పాలి. ఎనిమిదిలో ప్రధాన భావం చీటీ ఖాళీగా ఇచ్చి పిల్లలచేతే రాయించి, కారణాలు కాపీలో రాయించాలి. పరీక్షలో చీటీలు ఉండవు కాబట్టి పెన్సిల్ అప్పుడు బయటికి తీయాలి: ముందు ప్రధాన భావం మార్జిన్‌లో రాసుకుని, దాన్ని నిలబెట్టే వాక్యాల కింద మాత్రమే గీత గీయాలి.