నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, ఎన్‌పీపీ ఎగ్జెక్: చెరువు గట్టు మీద ఆర్నెల్లు వాడాక

ఆకివీడు దగ్గర మా బావ రొయ్యల చెరువుల లెక్కలన్నీ నేను రాసిన పైథాన్ స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) మీదే నడుస్తాయి. ఏ చెరువులో ఎంత మేత పడింది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతకొచ్చింది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు ఎంతయింది, అన్నీ అందులోనే. గట్టు మీది షెడ్డులో ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత లాప్‌టాప్, దాంట్లో బరువైన ఎడిటర్ తెరిచి ఓ టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అందుకే కోడ్ రాసుకోవడానికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే తేలికపాటి ఎడిటర్ వేశాను. 2003 నుంచి ఉన్నదే, ఉచితం, నొక్కగానే తెరుచుకుంటుంది.

స్క్రిప్ట్ నడపాలంటే మాత్రం ప్లగిన్స్ మెనూలోని ప్లగిన్స్ అడ్మిన్‌లో ఎన్‌పీపీ ఎగ్జెక్ దించుకోవాలి, ఎడిటర్‌లోంచే ప్రోగ్రామ్ నడిపే ప్లగిన్ అది. ఎఫ్6 కొడితే పెట్టె వస్తుంది, అందులో రెండు లైన్లు: ఒకటి ఫైల్ సేవ్ చేయమని, రెండోది ఆ ఫైల్‌ని పైథాన్‌తో నడపమని. ఫైల్ పాత్‌ని డబుల్ కోట్స్‌లోనే పెట్టండి. మా ఫోల్డర్ పేరు 'చెరువు లెక్కలు', మధ్యలో ఖాళీ ఉందిగా, కోట్స్ మర్చిపోతే సగం పేరు దగ్గరే ఆగి అలాంటి ఫైలే లేదంది. పైథాన్ పక్కన హైఫన్ యు కూడా ఉండాలి, లేదంటే స్క్రిప్ట్ తెర మీద ప్రింట్ చేసేవన్నీ దాచిపెట్టి చివర్లో ఒకేసారి కుమ్మరిస్తుంది.

అసలు సంగతి షిఫ్ట్ ఎఫ్6లో ఉంది. హైలైట్ ట్యాబ్‌లో ఎర్రర్ లైన్ ఎలా ఉంటుందో ఒక నమూనా రాయాలి, ఫైల్ పేరు వచ్చే చోట శాతం గుర్తుల మధ్య ఫైల్ అని, నంబర్ వచ్చే చోట అలాగే లైన్ అని. రంగు ఎరుపు పెట్టుకున్నాను. మొన్న కుర్రాడెవరో మేత గడిలో 25 అని కాకుండా '25 కేజీలు' అని కొట్టాడు, స్క్రిప్ట్ పడిపోయింది. కన్సోల్‌లో, అంటే ఫలితాలు కనిపించే కిటికీలో, ఎర్రగా వచ్చిన లైన్ మీద డబుల్ క్లిక్ చేశాను, కర్సర్ నేరుగా 212వ లైన్‌లో నిలబడింది. ఇంతకుముందు ఆ నంబర్ గుర్తుపెట్టుకుని, కిందకి జరుపుకుంటూ పోయి, మధ్యలో బావ పిలిస్తే మర్చిపోయి... ఆ బాధ వదిలింది. ఒక్కటే, ఎర్ర లైన్లు నాలుగైదు వస్తే కింది నుంచి చూడండి, అసలు గుట్టు అక్కడుంటుంది.

ఐదుకి నాలుగిస్తాను. ఈ నమూనా మనమే రాసుకోవాలని ఎక్కడా కళ్లకు కనపడేట్టు ఉండదు, నాకు ఓ సాయంత్రమంతా దానికే పోయింది. విండోస్‌కి మాత్రమే, అదొకటి.

తెలుగు ప్రింట్ చేసేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. మొదట తెలుగు అక్షరాలు రాయలేనంటూ ఎన్‌కోడ్ ఎర్రర్ కొట్టింది. ఎఫ్6 పెట్టెలో పైథాన్ ఐఓ ఎన్‌కోడింగ్ అనే సెట్టింగ్‌ని యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే పద్ధతి) చేస్తూ పైన ఓ లైన్ పెడితే ఎర్రర్ పోయింది కానీ పిచ్చి గీతలొచ్చాయి. ప్లగిన్ మెనూలో కన్సోల్ అవుట్‌పుట్‌ని కూడా యూటీఎఫ్-8కి మార్చాకే 'ఉప్పుటేరు పక్క చెరువు' అని శుభ్రంగా వచ్చింది.